నీళ్ల లెక్క ఊరి చేతిలో

మిర్యాలగూడ నుంచి దామరచర్ల దాటి ముందుకు పోతే తెలంగాణ అంచున వాడపల్లి వస్తుంది. అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాదు నడిబొడ్డు నుంచి సాగివచ్చిన మూసీ ఇక్కడే కృష్ణలో కలుస్తుంది. ఆవలి ఒడ్డు పల్నాడు. సంగమం దగ్గర మీనాక్షీ అగస్త్యేశ్వరుడి గుడి, ఊళ్లోనే లక్ష్మీనరసింహస్వామి గుడి ఉన్నాయి. అగస్త్యేశ్వర లింగం తల మీది గుంటలో నీరు ఏ కాలంలోనూ ఎండదని భక్తులు చెప్పుకుంటారు. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకు ఈ రేవుల్లో జనం పోటెత్తారు.

నీళ్లకు కొదవ లేని ఈ చోటు ఉమ్మడి నల్లగొండ జిల్లాకు ఒక కొస. రెండో కొసన మర్రిగూడ, మునుగోడు, చండూరు ఉన్నాయి. అక్కడ తరాల తరబడి పిల్లల పళ్లు గారపట్టాయి, కాళ్లు వంకర తిరిగాయి, పెద్దవాళ్ల నడుములు మళ్లీ నిలబడకుండా వంగిపోయాయి. తాగిన బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ చేసిన పని అది. జిల్లా దక్షిణపు అంచంతా కృష్ణ పారుతుంటే, జిల్లా కడుపులోని ఊళ్లు బోరు నీళ్లతో బొక్కలు పాడుచేసుకున్నాయి.

ఈ జబ్బును డాక్టర్లు గుర్తించారు, శాస్త్రవేత్తలు గుట్టు విప్పారు, ప్రభుత్వాలు పైపులు వేశాయి. వాళ్ల పని తక్కువేమీ కాదు. కానీ ఈ చరిత్రను మొదటి నుంచి చూసుకుంటూ వస్తే ఒక సంగతి తేటపడుతుంది. ఊరు పట్టించుకున్న చోట పిల్లలు గట్టెక్కారు. యంత్రం పెట్టి ఊరిని పక్కన పెట్టిన చోట యంత్రం మూలపడింది, పిల్లలు మళ్లీ అదే బోరు దగ్గరికి పోయారు.

రాతిలోంచి బిందెలోకి

పడమటి నల్లగొండ నేల గ్రానైటు నేల. ఆ రాతిలో ఫ్లోరైటు, అపటైటు, నల్ల అభ్రకం లాంటి ఖనిజాలుంటాయి. ఫ్లోరిన్ ఉండేది వాటిలోనే. వాన నీరు రాతి పగుళ్లలోకి దిగి, ఏళ్ల తరబడి అక్కడే నిలిచి, ఆ ఖనిజాలను కొద్దికొద్దిగా కరిగిస్తుంది. లోతుకు పోయేకొద్దీ నీరు పాతది, రాతితో దాని సావాసమూ పాతది. చేదబావులు ఎండిపోయి జనం లోతు బోర్లకు మారినప్పుడు, నిరుటి వాన నీళ్లకు బదులు ఎన్నో ఏళ్లుగా రాతిలో నానిన నీళ్లు పైకి రావడం మొదలైంది.

రాతిలో ఫ్లోరిన్ ఉన్నంత మాత్రాన నీళ్లలోకి రావాలని లేదు. నీళ్లలో కాల్షియం దండిగా ఉంటే అది ఫ్లోరైడ్‌ను పట్టుకుని, కరగని కాల్షియం ఫ్లోరైడ్‌గా మార్చి అడుక్కు దింపేస్తుంది. కాల్షియం తక్కువై సోడియం, బైకార్బొనేటు ఎక్కువైతే ఆ అడ్డు తొలగిపోతుంది. పడమటి మండలాల్లో జరిగింది ఇదే. వాడపల్లి, విష్ణుపురం, మేళ్లచెరువు వైపు నేల తీరు వేరు. అక్కడ సున్నపురాయి పొరలున్నాయి, సిమెంటు ఫ్యాక్టరీలు వరసగా వెలిసింది అందుకే. పైగా నాగార్జునసాగర్ ఎడమ కాలువ పారకం ఉంది. అలాగని ఈ వైపు బోర్లన్నీ మంచివని చెప్పేస్తే తప్పు. పక్కపక్క బోర్లలోనే ఫ్లోరైడ్ లెక్క మారిపోతుంది. ఒక వీధి బోరు మంచిదైనంత మాత్రాన వెనక వీధి బోరూ మంచిదేనని నమ్మడానికి లేదు. ప్రతి బోరునూ విడిగా పరీక్షించాల్సిందే.

తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు కూడా 1.5. మన ఎండల్లో ఈ హద్దును ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఎండాకాలం ఉపాధి పనికి పోయిన మనిషి రోజుకు అయిదు లీటర్ల నీళ్లు తాగుతాడు. బోరులో లీటరుకు 3 మిల్లీగ్రాములుంటే 15 మిల్లీగ్రాములు ఒంట్లోకి పోతాయి. చల్లని దేశంలో కుర్చీలో కూర్చుని రెండు లీటర్లు తాగే మనిషికి అవే నీళ్లు 6 మిల్లీగ్రాములు మాత్రమే ఇస్తాయి. నీళ్లు అవే అయినా కష్టజీవి ఒంటికి చేరే విషం రెండింతలు దాటుతుంది.

దీనికి రంగు లేదు, వాసన లేదు, రుచిలో తేడా రాదు. వడగడితే పోదు, కాచినా పోదు. కాగిన నీళ్లు ఇగిరేకొద్దీ మిగిలిన నీళ్లలో ఇంకా చిక్కబడుతుంది. జ్వరాలకు, విరేచనాలకు అమ్మలు నేర్చిన జాగ్రత్తలేవీ దీని ముందు పనిచేయవు.

పిల్లల మీదే ఎందుకు

మన బొక్కలకు, పళ్లకు గట్టిదనమిచ్చేది హైడ్రాక్సీ అపటైటు అనే ఖనిజం. కాల్షియం, ఫాస్ఫేటు, వాటి మధ్య హైడ్రాక్సిల్ అయాన్లు ఒక క్రమంలో అమరి ఉంటాయి. ఫ్లోరైడ్ అయాను పరిమాణంలో హైడ్రాక్సిల్‌కు చాలా దగ్గర. అందుకే దాన్ని తోసేసి ఆ చోట తాను కూర్చుంటుంది, గోడలోంచి ఒక ఇటుక లాగి అదే కొలత గల వేరే ఇటుక పెట్టినట్టు. కొంచెమైతే పంటికి మేలే, పుచ్చు పట్టదు. మోతాదు మించితే బొక్క బరువెక్కుతుంది గానీ బలం పెరగదు. కండరాలు, కీళ్ల చుట్టూ ఉండే నరాల్లాంటి కట్లలో కూడా సున్నం పేరుకుని బిగుసుకుపోతాయి. వెన్నెముక కర్రలా మారుతుంది. గడ్డం ఛాతీకి ఆనదు, వంగితే వేళ్లు పాదాలకు అందవు, చేతులు మడిచి తల వెనక పెట్టలేరు. ఈ మూడు పనులూ చేయించి చూస్తే చాలు, అనుమానించాల్సిన మనిషి ఎవరో ఆశా కార్యకర్త కూడా గుర్తుపట్టగలదు.

పెద్దవాళ్లలో ఒంటికి పట్టిన ఫ్లోరైడ్‌లో దాదాపు సగం మూత్రంలో పోతుంది. ఎదిగే పిల్లల బొక్కలు రోజూ కొత్తగా కట్టుకుంటున్నాయి కనుక వాళ్లలో అంతకన్నా ఎక్కువ వాటా లోపలే నిలిచిపోతుంది. పళ్ల సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. శాశ్వత పళ్ల మీది ఎనామెల్ పుట్టినప్పటి నుంచి ఎనిమిదేళ్ల లోపు చిగుళ్ల అడుగున తయారవుతుంది. ముందు పళ్ల ఎనామెల్ ఎక్కువ భాగం తొలి మూడు నాలుగేళ్లలోనే రూపుకడుతుంది. ఆ రోజుల్లో ఫ్లోరైడ్ మించితే తెల్లని చారలు, తర్వాత పసుపు, గోధుమ రంగు మరకలు వస్తాయి. ఒకసారి వచ్చిన మరక జీవితాంతం పోదు. ఎనిమిదేళ్లు దాటాక ఎంత ఫ్లోరైడ్ తాగినా కొత్త మరక రాదు. అంటే పదేళ్ల పిల్ల నవ్వితే కనిపించే చారలు, ఆ పిల్ల నడక నేర్చిన రోజుల్లో ఏ నీళ్లు తాగిందో చెప్పే రికార్డు. దీన్ని చదవడానికి ల్యాబు అక్కరలేదు. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో దీంతో పని పడుతుంది.

ఒక మంచి కబురు కూడా ఉంది. తల్లి ఎంత ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు తాగినా చనుబాలలోకి దిగేది అత్యల్పం. ఆరు నెలలు తల్లిపాలే ఇస్తే బిడ్డకు ఆ ఆరు నెలలూ రక్షణ దొరికినట్టే. డబ్బాపాలు బోరు నీళ్లలో కలిపి పట్టినా, బర్రెపాలలో బోరు నీళ్లు పోసి పలచన చేసినా ఆ రక్షణ పోతుంది. అంగన్‌వాడీ టీచర్లు తల్లిపాల గురించి చెప్పేటప్పుడు ఫ్లోరైడ్ ఊళ్లలో ఈ ఒక్క ముక్కా తప్పక కలపాలి.

ముందు చూసింది ఎవరు

మన దేశంలో ఫ్లోరోసిస్ అనే ఈ జబ్బును 1937లో వైద్య పత్రికకెక్కించింది షార్ట్ బృందం. చోటు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా. ఇప్పటి ప్రకాశం వైపు ఊళ్లు అవి. అయితే డాక్టర్లకన్నా ముందు రైతులు తేడా పసిగట్టారని చెబుతారు. వయసులో ఉన్న ఎద్దులు కీళ్లు పట్టేసి నాగలి లాగలేకపోయాయి, కొత్త జత తెచ్చినా కొన్నేళ్లకు అదే గతి పట్టింది. మనుషుల్లో అదే తీరు కనిపించేసరికి మరికొన్నేళ్లు గడిచాయి. నల్లగొండ సంగతి 1940ల్లో బయటపడింది. 1955లో సిద్దిఖీ అనే వైద్యుడు నల్లగొండ ఫ్లోరోసిస్ మీద బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాసిన వ్యాసంతో ప్రపంచానికి తెలిసింది.

అమెరికాలో ఇలాంటి ఘట్టమే ఒకటి ఉంది. ఐడహో రాష్ట్రంలోని ఓక్లీ అనే చిన్న ఊళ్లో పిల్లల పళ్లు గోధుమ రంగుకు తిరిగాయి. 1923లో ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడు ఆ ఊరికి వెళ్లాడు. తల్లిదండ్రులు అతనికి ఒక మాట చెప్పారు. అయిదు మైళ్ల దూరంలోని వేడినీటి ఊట నుంచి ఊరికంతా పైపు వేసుకున్న తర్వాతే ఈ మరకలు మొదలయ్యాయని. మెకే నీళ్లు పరీక్షించాడు, అనుమానించదగ్గది ఏమీ దొరకలేదు. అయినా ఆ తల్లిదండ్రుల మాట మీద నమ్మకం ఉంచి, ఆ పైపు వదిలేసి మరో ఊట నుంచి నీళ్లు తెచ్చుకోమన్నాడు. ఊరు ఆ సలహా పాటించింది. కొన్నేళ్లకు చిన్న పిల్లలకు వచ్చిన కొత్త పళ్లు తెల్లగా వచ్చాయి. దోషి ఫ్లోరైడేనని చర్చిల్ అనే రసాయన శాస్త్రవేత్త తేల్చింది 1931లో. కారణం తెలియడానికి ఏళ్ల ముందే ఊరు తన పిల్లల్ని కాపాడుకుంది. ప్రజారోగ్య చరిత్రలో నాకు ఇంతకన్నా ఇష్టమైన ఘట్టం లేదు. ఆ తల్లిదండ్రుల చేతిలో ఉన్నది పరికరం కాదు. ఎవరి పిల్లలు ఎప్పుడు పుట్టారో, ఏ నీళ్లు తాగారో అన్న ఎరుక.

నల్లగొండ పేరు మోసిన బకెట్టు

నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ, అదే నీరి, 1970ల్లో ఒక పద్ధతి కనిపెట్టి దానికి నల్లగొండ టెక్నిక్ అని పేరు పెట్టింది. ఇంట్లో చేసుకునే తీరు ఇలా ఉంటుంది. నలభై లీటర్ల బకెట్టుకు అడుగు నుంచి కొంచెం పైన నల్లా బిగిస్తారు. నీళ్లు నింపి, ముందు చిటికెడు సున్నం, బ్లీచింగ్ పౌడరు చల్లి కలుపుతారు. తర్వాత కరిగించిన పటిక పోసి పది నిమిషాల పాటు నిదానంగా తిప్పుతారు. నీళ్లలో దూదిపింజల్లాంటి తెట్టు కట్టి, ఫ్లోరైడ్‌ను వెంటబెట్టుకుని కిందికి దిగుతుంది. గంటసేపు కదపకుండా ఉంచితే మడ్డి అడుగున పేరుకుంటుంది. దానికి పైన ఉన్న నల్లా తిప్పి తేట నీళ్లు పట్టుకుంటారు. పటిక ఎంత వేయాలన్నది నీళ్లలో ఎంత ఫ్లోరైడ్ ఉంది, క్షారత ఎంత ఉంది అన్నదాన్ని బట్టి మారుతుంది. సున్నం అందులో ఇరవయ్యో వంతు చాలు.

కరెంటు అక్కరలేదు, సరుకంతా అంగడిలో దొరుకుతుంది. 1980లో అనంతపురం జిల్లా కదిరిలో ఊరికంతా సరిపోయే ప్లాంటు కట్టారు. నల్లగొండ పేరుతోనే ఈ పద్ధతి ఇథియోపియా, టాంజానియాల దాకా వెళ్లింది. మరి నల్లగొండ ఊళ్లలోనే ఎందుకు నిలబడలేదు? రసాయనశాస్త్రం సరైనదే. కానీ రోజూ పొద్దున్నే ఎవరో ఒకరు ఆ పటిక తూచాలి, తిప్పాలి, గంట ఆగాలి, మడ్డిని పిల్లలకూ పశువులకూ దూరంగా పారబోయాలి. అయిదింటికి కూలికి పోయే ఇల్లాలికి ఆ గంట ఎక్కడిది? మోతాదు తప్పితే నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది, రుచి మారుతుంది. ఊరి ప్లాంటు అయితే ఆపరేటర్ జీతం ఎవరివ్వాలి, పటిక అయిపోతే ఎవరు తేవాలి అన్న ప్రశ్నలకు జవాబు ఎవరూ ముందే రాసిపెట్టలేదు. పాఠశాలల్లో, చేతిపంపులకు బిగించిన అల్యూమినా ఫిల్టర్లదీ ఇదే కథ. కొన్ని నెలలకోసారి రసాయనాలతో కడిగి మళ్లీ పనికి తేవాలి, ఆ పని ఎవరిదన్నది తేలక ఎన్నో ఫిల్టర్లు ఉత్త గొట్టాలుగా మిగిలాయి.

ఆ తర్వాత వచ్చిన ఆర్వో ప్లాంట్లలో ఊరి కమిటీ డబ్బు వసూలు చేసి, ఆపరేటర్‌ను పెట్టుకుని నడిపినవి ఎక్కువ కాలం నిలిచాయి. వాటిలోనూ ఒక మెలిక ఉంది. ఫ్లోరైడ్‌తో చిక్కబడిన వృథా నీళ్లు బయటికి వస్తాయి. వాటిని ఎటు వదలాలో ఆలోచించకపోతే అవి తిరిగి భూమిలోకే ఇంకుతాయి.

జొన్న, చింతపండు

1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో ఒక కొత్త సంగతి బయటపెట్టారు. నల్లగొండ జిల్లా ఫ్లోరైడ్ ఊళ్లలో ఎదిగే పిల్లలకు, ఎక్కువగా మగపిల్లలకు, మోకాళ్లు రెండూ లోపలికి రాసుకుని పాదాలు దూరంగా పోతున్నాయి. పాత ఫ్లోరోసిస్‌లో ఈ రూపం లేదు. తర్వాతి పరిశోధనల్లో వాళ్లు కట్టిన ఊహ ఆసక్తికరమైనది. సాగర్ నీళ్లు వచ్చాక ఊట పెరిగి భూగర్భ జలం పైకి వచ్చింది, నేల క్షారం పెరిగింది, జొన్నలోకి మాలిబ్డినం ఎక్కువగా ఎక్కింది. మాలిబ్డినం ఒంట్లోని రాగిని బయటికి తోసేస్తుంది, రాగి తగ్గితే బొక్క మెత్తబడుతుంది. ఫ్లోరైడ్ దానికి తోడైంది. పంటలకు ప్రాణం పోసిన ప్రాజెక్టు, జొన్న సంకటి మీద బతికే పేద ఇళ్ల పిల్లల కాళ్ల మీద ఇలాంటి ప్రభావం చూపుతుందని దాన్ని కట్టేనాడు ఎవరూ అనుకోలేదు. అనుకుని చూసే పని ఎవరికీ అప్పగించలేదు కూడా.

తిండి ఇలా ముప్పు తేగలిగితే, తిండే కొంత రక్షణ కూడా ఇస్తుంది. అదే సంస్థలో అర్జున్ ఖందారే బృందం బడిపిల్లల మీద చేసి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, రోజూ భోజనంతో 10 గ్రాముల చింతపండు ఇస్తే మూత్రంలో బయటికి పోయే ఫ్లోరైడ్ పెరిగింది. చింతపండు పులుసు మన వంటింట్లో కొత్తగా దూర్చాల్సిన వస్తువు కాదు. కాల్షియం ఉన్న తిండి కడుపులోనే ఫ్లోరైడ్‌ను పట్టుకుని ఒంటికి పట్టకుండా చేస్తుంది. పాలు, పెరుగు, రాగులు, మునగాకు ఆ పని చేస్తాయి. ఉసిరి, నిమ్మ లాంటి విటమిన్ సి ఉన్నవి తోడైతే ఇంకా మంచిది. నల్ల ఉప్పు, పాలు లేని డికాషన్ టీ తగ్గించాలి, రెండింటిలోనూ ఫ్లోరైడ్ ఉంటుంది. ఢిల్లీలో ఎ.కె. సుశీల బృందం 2010లో ప్రచురించిన పనిలో, మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న గర్భిణులకు నీళ్లూ తిండీ మార్పించగా రక్తహీనత తగ్గింది, పుట్టిన బిడ్డల బరువు మెరుగైంది.

2015 జనవరి 1న తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి మొదలైనప్పటి నుంచి అంగన్‌వాడీలో గర్భిణులకు, బాలింతలకు ఒక పూట నిండు భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తున్నారు. మామూలు ఊళ్లో అది పోషణ. ఫ్లోరైడ్ ఊళ్లో అదే గ్లాసు పాలు మందు కూడా. పాలు రాని రోజున సర్పంచిని నిలదీసే తల్లుల కమిటీ ఉంటే ఆ మందు ఆగదు.

480 మంది అభ్యర్థులు

బొక్క ఒకసారి వంగిపోయాక వెనక్కి తెచ్చే మందు లేదు. మంచి నీళ్లొక్కటే దారి. ఆ నీళ్లు కృష్ణవి కావాలని నల్లగొండ దశాబ్దాలు అడిగింది. సూర్యాపేట ప్రాంతపు రాఘవాపురానికి చెందిన దుశర్ల సత్యనారాయణ బ్యాంకు ఉద్యోగం వదిలి జలసాధన సమితిని నడిపారు. సొంత భూమిలో 70 ఎకరాల అడవి పెంచిన మనిషి కూడా ఆయనే. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానంలో ఏకంగా 480 మంది పోటీలో నిలిచారు. వాళ్లలో చాలామంది సమితి పిలుపు మీద నామినేషన్ వేసిన మామూలు జనం, రైతులు, ఫ్లోరోసిస్ బాధితులు. బ్యాలెట్ పత్రం పుస్తకంగా అచ్చు వేయాల్సి వచ్చింది, పోలింగు వాయిదా పడింది. డిపాజిట్లు పోతాయని తెలిసే నిలబడ్డారు. దేశం ఒక్కసారి తమ ఊరి నీళ్ల గురించి మాట్లాడుకుంటే చాలనుకున్నారు. ఆ తర్వాత లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్టును 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. ఫ్లోరైడ్ విముక్తి పోరాట సమితి బాధితులను వెంటబెట్టుకుని అధికారుల ముందుకు, నాయకుల ముందుకు వెళ్తూనే ఉంది. మర్రిగూడ మండలం శివన్నగూడేనికి చెందిన అంశల స్వామి తన ఒంటినే సాక్ష్యంగా చూపుతూ ఆ పోరాటానికి ముఖంగా నిలిచాడు. 2023 జనవరిలో కన్నుమూశాడు.

సాగర్ వెనక జలాల నుంచి ఎత్తిపోసిన కృష్ణ నీళ్లు అక్కంపల్లి జలాశయం మీదుగా ఈ ఊళ్లలో కొన్నింటికి వచ్చాయి. అదే అక్కంపల్లి నుంచి 2004 నుంచీ హైదరాబాదుకూ నీళ్లు పోతున్నాయి. ఆ నగరం వాడుకుని వదిలిన మురుగు మూసీలో పడి, జిల్లాను అడ్డంగా దాటి, వాడపల్లి దగ్గర మళ్లీ కృష్ణలో కలుస్తుంది. కృష్ణ నీళ్లు రాజధానికి పోయే దారి, మురుగై తిరిగి వచ్చే దారి రెండూ నల్లగొండ నేల మీదివే. ఈ జిల్లాకు న్యాయం జరిగిందో లేదో లెక్క తీసేవాళ్లు ఈ రెండు దారులనూ కలిపి చూడాలి.

2015 జూన్‌లో చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరించిన మిషన్ భగీరథ ఇంటింటికీ నల్లా నీళ్లు తెచ్చింది. 2015లో తెలంగాణలో 967 ఫ్లోరైడ్ బాధిత ఆవాసాలుండగా 2020 నాటికి ఒక్కటీ లేదని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. ఇది పెద్ద విజయం. దీన్ని చిన్నబుచ్చే ఉద్దేశం ఎంతమాత్రం లేదు. అయితే ఆ సున్నా అర్థం, ఆవాసానికి సురక్షితమైన నీళ్లు అందుతున్నాయని. భూమిలో ఫ్లోరైడ్ పోయిందని కాదు, ప్రతి బిడ్డా ఆ నీళ్లే తాగుతున్నాడని కూడా కాదు. మోటారు కాలిన వారం రోజులు, పైపు పగిలిన మూడు రోజులు ఇల్లు ఏ నీళ్లు తాగింది? పొలం దగ్గర పిల్లలు ఏ బోరు కింద దోసిలి పట్టారు? బడిలో మధ్యాహ్న భోజనం ఏ నీళ్లతో వండారు? వీటికి జవాబు ఏ కార్యాలయపు కంప్యూటర్లోనూ ఉండదు, ఊరికే తెలుసు.

తెలుసుకునే సాధనం ఇప్పుడు ఊళ్లోకే వచ్చింది. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు మహిళలకు నీళ్ల పరీక్ష కిట్లు వాడడం నేర్పాలన్నది నియమం. ఫ్లోరైడ్ పరీక్ష కంటితో చూడదగ్గది. చిన్న గాజు గొట్టంలో నీళ్లు తీసుకుని గులాబీ రంగు మందు కలుపుతారు. ఆ రంగునిచ్చేది జిర్కోనియంతో జతకట్టిన ఒక రంగు పదార్థం. నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటే జిర్కోనియంను తన వైపు లాక్కుంటుంది, జత విడిపోతుంది, గులాబీ వెలిసి పసుపుకు తిరుగుతుంది. ఎంత పసుపైతే అంత ఫ్లోరైడ్. పక్కన పెట్టిన రంగుల చీటీతో పోల్చి లెక్క చెబుతారు. అయిదో తరగతి పిల్లల ముందు వాళ్ల ఇంటి బోరు నీళ్లూ, భగీరథ నల్లా నీళ్లూ రెండు గొట్టాల్లో పోసి చూపితే ఆ సాయంత్రం ఇంట్లో అమ్మకు చెప్పకుండా ఆగరు.

వాడపల్లి లాంటి నది ఒడ్డు ఊళ్లకు ఇంకో పరీక్ష ముఖ్యం. అక్కడి ముప్పు ఫ్లోరైడ్ కన్నా మూసీ తెచ్చే క్రిములది. విరేచనాలు మళ్లీ మళ్లీ వచ్చే పిల్లలు ఎదుగుదలలో వెనకబడతారు. నీళ్లు శుద్ధి చేశాక చివరి ఇంటి నల్లా దాకా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. ఓటీ (ఆర్థోటోలిడిన్) అనే పరీక్ష ద్రావణం రెండు చుక్కలు వేస్తే నీళ్లు పసుపు తిరగాలి, తిరగకపోతే క్లోరిన్ లేనట్టే. ఇక్కడ పసుపు మంచికి గుర్తు, ఫ్లోరైడ్ గొట్టంలో చెడుకు. టీచర్లు ఈ తేడా పిల్లలకు విడమరిచి చెప్పాలి. పరీక్ష ట్యాంకు దగ్గర కాదు, ఊరి కొసన ఉన్న ఇంట్లో చేయాలి. క్లోరిన్ అందకుండా పోయేది అక్కడే.

ఇక పళ్ల రికార్డు సంగతి. శాశ్వత ముందు పళ్లు ఏడు, ఎనిమిదేళ్లకు పూర్తిగా బయటికి వస్తాయి. భగీరథ నీళ్లు వచ్చాక, అంటే 2018 ప్రాంతంలో పుట్టిన బిడ్డల ముందు పళ్లు 2025, 2026 నాటికి కనిపిస్తాయి. పైపు నీళ్లు నిజంగా పిల్లల గొంతులోకి దిగాయా లేదా అన్న తీర్పు ఈ పిల్లల నోళ్లలో ఉంది. ఓక్లీ తల్లిదండ్రులు చేసిన పనే మనమూ చేయొచ్చు. నల్లగొండ, సూర్యాపేట జిల్లాల టీచర్లకు, అంగన్‌వాడీ అమ్మలకు, ఆశా కార్యకర్తలకు ఒక విన్నపం. ఈ ఏడు రెండు, మూడు తరగతుల పిల్లలను వెలుతురులోకి తెచ్చి ముందు పళ్లు చూడండి. అదే బడిలో తొమ్మిది, పది చదివే పిల్లల పళ్లతో పోల్చండి. తెల్లని చారలు, గోధుమ మరకలు ఉన్నవాళ్లు ఎందరో రాసుకోండి. పిల్లల పేర్లు బయటపెట్టకండి, ఎవరినీ వెక్కిరించనివ్వకండి, అంకెలు చాలు. చిన్న తరగతుల్లో పళ్లు తెల్లగా ఉంటే గ్రామసభలో ఆ మాట గట్టిగా చెప్పండి, పైపుల కోసం కొట్లాడినవాళ్లు వినాలి. మరకలు కనిపిస్తే ఆ పిల్లల ఇళ్లకు వెళ్లి ఏ నీళ్లు తాగుతున్నారో అడగండి. ఆ బోరు నీళ్లు ఒక సీసాలో పట్టి పరీక్షకు పంపండి. వచ్చిన అంకెను పంచాయతీ గోడ మీద అందరికీ కనబడేలా రాయించండి.